పాత అడ్రసు కొట్టినా పేజీ రావాలి: వెబ్ సర్వర్ రీరైట్ రూల్స్ మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? తెర మీద అక్షరాలు చిన్నవిగా ఉంటే చెప్పండి, పెద్దవి చేస్తాను. ఇవాళంతా చుక్కలు, స్లాష్‌లు, డాలర్ గుర్తుల మధ్యే తిరుగుతాం. ఒక్క చుక్క కనబడకపోయినా అర్థం మారిపోతుంది.

నేను సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. తెలుగు సాహిత్యం, వార్తలు పెట్టే సైట్లు కొన్ని నా చేతుల మీదుగానే పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మారాయి. సైటు మార్చేటప్పుడు అందరూ డిజైన్ గురించి మాట్లాడతారు, లోగో గురించి మాట్లాడతారు, డేటాబేస్ జాగ్రత్త అంటారు. అడ్రసుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. మార్చిన మర్నాడు ఫోన్లు మొదలవుతాయి. ఎనిమిదేళ్ల కింద వచ్చిన ఒక కథ లింకు ఎవరో దాచుకుని ఉంటారు. ఎవరో ఎంఫిల్ వ్యాసంలో అచ్చు వేయించి ఉంటారు. ఎవరో కుటుంబం వాట్సాప్ గ్రూపులో తాతగారి ఇంటర్వ్యూ పెట్టుకుని ఉంటారు. అవన్నీ ఒక్క రాత్రిలో 404, అంటే "పేజీ దొరకలేదు", అయిపోతాయి. కథ పోలేదు, సర్వర్‌లోనే ఉంది. దారి మాత్రం పోయింది. పాఠకుడికి రెండింటికీ తేడా లేదు.

వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లో ఈ విషయం మీదే ఒక చిన్న వ్యాసం రాశారు. మంచి అడ్రసు మారకూడదని దాని సారాంశం. అడ్రసులు వాటంతట అవి మారవు, మనుషులే మారుస్తారని ఆయన అందులో గట్టిగా చెప్పారు. వచ్చిన అడ్రసుని ఏం చేయాలో సర్వర్‌కి చెప్పే లైన్లే రీరైట్ రూల్స్. వాటిని నేర్చుకోవడానికి నాకు తెలిసిన అసలు కారణం ఇదే. అడ్రసు అందంగా కనబడటం, సెర్చ్‌లో పైకి రావడం అన్నీ దాని తరవాతే.

రూల్స్‌లోకి వెళ్లే ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం ఈ తేడాయే.

మీరు ఒక ఆఫీసుకు వెళ్లారనుకోండి. కౌంటర్లో కూర్చున్నాయనకు కాగితం ఇచ్చారు. ఆయన లోపలికి వెళ్లి, ఎక్కడో బీరువాలో ఉన్న ఫైలు తీసి, తిరిగి వచ్చి మీ చేతికిచ్చాడు. ఆ ఫైలు ఏ గదిలో ఉందో మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మీరు నిలబడ్డ చోటే నిలబడ్డారు. దీన్ని రీరైట్ అంటాం. బ్రౌజర్‌లో అడ్రసు మారదు.

రెండోది ఇలా ఉంటుంది. మీరు కాగితం ఇవ్వగానే ఆయన "ఇక్కడ కాదండీ, ఆరో నంబరు కౌంటర్‌కి వెళ్లండి" అన్నాడు. మీరు అక్కడికి నడిచి వెళ్లి, మళ్లీ వరసలో నిలబడి, మళ్లీ అడగాలి. ఇది రీడైరెక్ట్. బ్రౌజర్‌లో అడ్రసు మారుతుంది. సర్వర్‌కి రెండో రిక్వెస్ట్ వస్తుంది.

అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు పనులూ ఒకే పేరున్న రూల్‌తో చేస్తాం. అందుకే తికమక. లైను చివర బ్రాకెట్లలో ఆర్ అనే అక్షరం ఉంటే రీడైరెక్ట్, లేకపోతే రీరైట్. అవతల పూర్తి అడ్రసు, అంటే హెచ్‌టీటీపీతో మొదలయ్యేది ఇచ్చి, అది వేరే సర్వర్ పేరు అయితే, ఆర్ రాయకపోయినా రీడైరెక్టే అవుతుంది. రూల్ రాయడానికి కూర్చున్నప్పుడల్లా ముందు కాగితం మీద రాసుకోండి: నేను లోపలికి వెళ్లి తెస్తున్నానా, మనిషిని వేరే కౌంటర్‌కి పంపుతున్నానా? అది తేలకుండా కీబోర్డు ముట్టుకోకండి.

ఇక మాడ్ రీరైట్. అపాచీ సర్వర్‌లో ఈ పని చేసే మాడ్యూల్ పేరు అది. జర్మనీకి చెందిన రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996 ఏప్రిల్‌లో దీన్ని రాసి, 1997 జులైలో అపాచీ బృందానికి ఇచ్చేశారు. దాదాపు మూడు దశాబ్దాల నాటి సరుకు. ఇప్పటికీ లెక్కలేనన్ని సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. దానికి మంత్రవిద్య అనే పేరు కూడా ఉంది. నేనైతే ఆ మాట ఒప్పుకోను. దీనిలో మంత్రం ఏమీ లేదు. ఏ లైను ఎప్పుడు చదువుతుంది, ఏ ముక్క మీద చదువుతుంది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే ప్రతిదానికీ లెక్క దొరుకుతుంది.

తెర మీద ఉన్నది చూడండి. మీలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో, అంటే సైటు ఫోల్డర్లోనే ఉండే సెట్టింగుల ఫైల్లో, రాసుకునే ముక్క ఇది. దీన్ని లైను లైను చదువుదాం. ఇది బాగా అర్థమైతే మిగతావి సొంతంగా రాసుకోగలరు.

మొదటి లైను రీరైట్ ఇంజిన్ ఆన్. అంటే ఈ ఫోల్డర్‌లో రూల్స్ పని మొదలుపెట్టమని. దాని కింద ఆథరైజేషన్ గురించి ఒక లైను ఉంది, దాన్ని ఇవాళ వదిలేద్దాం. తరవాత రీరైట్ బేస్, స్లాష్. సైటు డొమైన్ మొదట్లోనే ఉందని చెప్పడం. మీ వర్డ్‌ప్రెస్ బ్లాగ్ అనే ఫోల్డర్లో ఉంటే ఇక్కడ స్లాష్ బ్లాగ్ స్లాష్ అని ఉంటుంది. సైటుని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి లాగి పడేసి, ఇది మార్చడం మరిచిపోయేవాళ్లు చాలామంది. హోమ్ పేజీ వస్తుంది, లోపలి పేజీలన్నీ 404.

తరవాతి లైను రీరైట్ రూల్. క్యారెట్ గుర్తు, ఇండెక్స్, వెనక్కి వంగిన గీత, చుక్క, పీహెచ్‌పీ, డాలర్. క్యారెట్ అంటే ఇక్కడ మొదలు కావాలి. డాలర్ అంటే ఇక్కడ అయిపోవాలి. వట్టి చుక్క అంటే రెజెక్స్‌లో, అంటే ఈ నమూనాలు రాసే గుర్తుల భాషలో, ఏ అక్షరమైనా సరే అని అర్థం. నాకు నిజమైన చుక్కే కావాలి అని చెప్పడానికి ముందు ఆ వంగిన గీత. ఆ పక్కన ఒక చిన్న అడ్డగీత ఉంది చూడండి. అడ్రసులో ఏమీ మార్చకు అని దాని అర్థం. చివర బ్రాకెట్లలో ఎల్, లాస్ట్. అంటే ఇండెక్స్ పీహెచ్‌పీ కోసం వచ్చినవాళ్లను ఏమీ చేయకు, కింది లైన్లు చూడకు, వెళ్లనివ్వు.

దాని కింద రెండు షరతులు, రీరైట్ కాండ్ అంటారు. అడిగిన పేరుతో డిస్కు మీద ఫైలు లేకపోతే అని ఒకటి. ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే అని ఇంకొకటి. ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది చూడండి, అదే "లేకపోతే". ఆ తరవాత ఒక్క చుక్కతో రూల్: ఏదో ఒక అక్షరం ఉంటే చాలు, ఇండెక్స్ పీహెచ్‌పీకి ఇచ్చేయ్. ఆర్ లేదు గమనించండి. అంటే లోపలికి వెళ్లి తేవడమే. మీరు బొమ్మ అడిగితే బొమ్మ ఫైలు ఉంది కాబట్టి నేరుగా వస్తుంది. మీరు ఒక వ్యాసం అడ్రసు కొడితే అలాంటి ఫైలు లేదు కాబట్టి ఇండెక్స్ పీహెచ్‌పీ లేచి, డేటాబేస్‌లో వెతికి పేజీ కట్టి ఇస్తుంది. ఆరేడు లైన్లలో ఎంత పని జరుగుతోందో చూడండి. నాకు ఇప్పటికీ దీన్ని చదువుతుంటే ముచ్చటేస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు కళ్లకు కనబడవు. షరతులు రూల్‌కి పైన రాస్తాం కానీ, సర్వర్ ముందు రూల్‌లోని నమూనా సరిపోయిందా అని చూస్తుంది. సరిపోతేనే పైకి వచ్చి షరతులు చదువుతుంది. రెండోది, షరతు తన కింద ఉన్న ఒక్క రూల్‌కే వర్తిస్తుంది. షరతు ఒకటి రాసి దాని కింద నాలుగు రూల్స్ పెట్టి, నాలుగింటికీ అది కాపలా కాస్తుందని నమ్మినవాళ్లను చూశాను. మొదటిది మాత్రమే కాపలాలో ఉంటుంది. మిగతా మూడూ ఎవరొచ్చినా తలుపు తీస్తాయి.

ఇప్పుడు స్లాష్ గొడవ. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో, అంటే అందులో ఒక్కో సైటుకి ఉండే వర్చువల్ హోస్ట్ అనే భాగం లోపల రూల్ రాస్తే, సర్వర్ పోల్చి చూసే ముక్క స్లాష్‌తో మొదలవుతుంది. అదే రూల్ హెచ్‌టీయాక్సెస్‌లో రాస్తే ఆ ఫోల్డర్ వరకు ఉన్న భాగం, స్లాష్‌తో సహా, కోసేసి మిగతాది ఇస్తుంది. అందుకని ఒక చోట బ్రహ్మాండంగా పనిచేసిన రూల్ ఇంకో చోట అసలు కదలదు. ఎర్రర్ కూడా రాదు. సరిపోలేదు, అంతే. రెండు చోట్లా పనిచేయాలంటే క్యారెట్, స్లాష్, ప్రశ్న గుర్తు అని మొదలుపెట్టండి. స్లాష్ ఉన్నా సరే, లేకపోయినా సరే అని దాని అర్థం.

అసలు హెచ్‌టీయాక్సెస్‌లో ఏం రాసినా కదలకపోతే, మెయిన్ కాన్ఫిగ్‌లో అలౌ ఓవర్‌రైడ్ అనే లైను చూడండి. అపాచీ 2.4లో అది మామూలుగా నన్ అనే ఉంటుంది. అంటే హెచ్‌టీయాక్సెస్ ఫైలుని సర్వర్ చదవనే చదవదు. సర్వర్ మీ చేతిలో ఉంటే రూల్స్‌ని మెయిన్ కాన్ఫిగ్‌లోనే పెట్టుకోమని నా సలహా. హెచ్‌టీయాక్సెస్ అయితే ప్రతి రిక్వెస్ట్‌కీ, దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ ఫైలు కోసం వెతకాలి. షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ని ఇతరులతో పంచుకుంటూ ఉన్నవాళ్లకు వేరే దారి లేదు, వాళ్లు అక్కడే రాసుకోవాలి.

ఎల్ అంటే లాస్ట్ అన్నాను కదా. హెచ్‌టీయాక్సెస్‌లో అది ఈ విడతకి మాత్రమే లాస్ట్. అడ్రసు మారింది కాబట్టి సర్వర్ దాన్ని కొత్త రిక్వెస్ట్‌లా తీసుకుని రూల్స్ మళ్లీ మొదటినుంచి చదువుతుంది. మీ రూల్ "ఏదొచ్చినా దాని ముందు కొత్త అనే ఫోల్డర్ పేరు పెట్టు" అని ఉంటే, మొదటి విడతలో కొత్త అవుతుంది, రెండో విడతలో కొత్త కొత్త, మూడో విడతలో కొత్త కొత్త కొత్త. పది సార్లు తిరిగాక అపాచీ ఆపేసి 500 ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ లాగ్‌లో పది ఇంటర్నల్ రీడైరెక్టుల హద్దు దాటిందని రాసి ఉంటుంది. అది కనబడితే సర్వర్ పాడైందని కంగారు పడకండి. మీ రూల్ తన తోక తానే పట్టుకుంటోంది. ఇందాక వర్డ్‌ప్రెస్ ముక్కలో ఇండెక్స్ పీహెచ్‌పీని ముందే వదిలేసిన లైను గుర్తుందా? రెండో విడతలో డిస్కు వైపు చూడాల్సిన పని కూడా లేకుండా అక్కడికక్కడే ఆపేస్తుంది. 2.4లో ఎండ్ అనే ఫ్లాగ్, అంటే ఎల్ లాగే బ్రాకెట్లలో రాసే గుర్తు, కూడా ఉంది. అది పెడితే రెండో విడత రూల్స్ జోలికి వెళ్లదు.

(సభలో ప్రశ్న: సార్, పాత సైట్లో స్టోరీ డాట్ పీహెచ్‌పీ, ప్రశ్న గుర్తు, ఐడీ ఈక్వల్స్ 417 అని ఉంటాయి. వాటిని కొత్త అడ్రసుకి పంపే రూల్ రాశాను, పట్టుకోవడం లేదు.)

మంచి ప్రశ్న అమ్మా, నేను అక్కడికే వస్తున్నాను. రీరైట్ రూల్ ప్రశ్న గుర్తు దగ్గరే ఆగిపోతుంది. దాని తరవాత ఉన్నదాన్ని క్వెరీ స్ట్రింగ్ అంటాం, రూల్ నమూనాకి అది కనబడదు. దాన్ని పట్టుకోవాలంటే షరతులో క్వెరీ స్ట్రింగ్ అనే వేరియబుల్ రాసి, ఐడీ ఈక్వల్స్ తరవాత అంకెలు అని నమూనా ఇవ్వాలి. అంకెల చుట్టూ చిన్న బ్రాకెట్లు పెడితే ఆ అంకె మన చేతికి వస్తుంది. ఇక్కడ ఇంకో చిన్న ముడి. రూల్‌లో పట్టుకున్నది డాలర్ ఒకటి. షరతులో పట్టుకున్నది శాతం ఒకటి. చాలామంది ఇక్కడ డాలర్ రాసి, ఖాళీ వచ్చిందేమిటని తల పట్టుకుంటారు.

రూల్ పట్టుకున్నాక కూడా చూడండి, కొత్త అడ్రసు చివర పాత ఐడీ ఈక్వల్స్ 417 తోకలా వేలాడుతూ ఉంటుంది. కొత్త అడ్రసులో మీరు క్వెరీ స్ట్రింగ్ ఏమీ ఇవ్వకపోతే అపాచీ పాతదాన్ని అలాగే మోసుకుపోతుంది. వద్దనుకుంటే క్యూఎస్‌డీ ఫ్లాగ్ పెట్టండి, 2.4లో ఉంది. లేదా కొత్త అడ్రసు చివర వట్టి ప్రశ్న గుర్తు పెట్టండి, తోక తెగిపోతుంది. పాతదీ కావాలి, మీరిచ్చే కొత్తదీ కావాలి అంటే క్యూఎస్ఏ.

మీకు ఇలాంటి కథలు ఎన్ని ఉన్నాయి? ఆరు వందలా? అయితే ఆరు వందల రూల్స్ రాయకండి. రీరైట్ మ్యాప్ అని ఉంది. మామూలు టెక్స్ట్ ఫైలు, ఒక్కో లైన్లో ఎడమ పక్క 417, కుడి పక్క కొత్త అడ్రసు. రూల్ ఒక్కటే ఉంటుంది, ఆ ఫైల్లో చూసి పంపిస్తుంది. దీన్ని మెయిన్ కాన్ఫిగ్‌లోనే ప్రకటించాలి, హెచ్‌టీయాక్సెస్‌లో కుదరదు. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌లో మ్యాప్ అనే పేరుతోనే ఇలాంటిది ఉంది. ఆ ఫైలుని సంపాదకుల చేతికి ఇవ్వండి. ఏ కథ ఎక్కడికి పోయిందో వాళ్లకే బాగా తెలుసు. నేను చేసిన ఒక సైట్లో ఆ ఫైలుని తయారుచేసింది ప్రోగ్రామర్ కాదు, ఆ పత్రికలో ఏళ్లుగా ప్రూఫులు దిద్దిన ఒక పెద్దాయన. ఒక్క లైను తప్పు లేదు.

ఇప్పుడు మన తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ పాఠాల్లో ఈ భాగం దొరకదు, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను.

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసమైనా తెరవండి. అడ్రసులో వికీ, స్లాష్, తరవాత తెలుగులోనే పేరు. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెల పెద్ద తోరణం వస్తుంది. ఎందుకంటే అడ్రసు తీగల మీద ప్రయాణించేటప్పుడు తెలుగు అక్షరాలు అలాగే వెళ్లవు. ఒక్కో యూనికోడ్ గుర్తు మూడు బైట్లు. ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు హెక్స్ అంకెలుగా (0 నుంచి 9, A నుంచి F) మారుతుంది. అంటే ఒక గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. "తెలుగు" అనే మాట మనకు మూడక్షరాలు. యూనికోడ్‌కి ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు. మూడక్షరాల మాట అడ్రసులో 54 అక్షరాలు!

దీనివల్ల ఏం జరుగుతుందో చూపిస్తాను. వర్డ్‌ప్రెస్ ఒక పోస్టు పేరుని అడ్రసుగా మార్చేటప్పుడు 200 అక్షరాల దగ్గర కోసేస్తుంది. ఇంగ్లిష్‌కి అది పెద్ద హద్దు. మనకు 22 గుర్తులు. "తెలుగు సినిమా పాటల చరిత్ర" అనే పేరు తీసుకోండి, పెద్ద పేరేమీ కాదు. లెక్క వేస్తే సరిగ్గా 22 గుర్తులు, అంటే 198, మధ్యలో మూడు ఖాళీలు. మొత్తం 201. ఒక్కటి ఎక్కువైంది. చివరి ర పడిపోతుంది. అడ్రసులో "చరిత్ర" కాస్తా "చరిత్" అయి, పొల్లుతో తెగి నిలబడుతుంది. పేజీ వస్తుంది, ఇబ్బంది లేదు. కానీ ఆ అడ్రసు చూసిన సంపాదకుడు సరిచేస్తానని ర చేర్చి వేరేచోట లింకుగా పెడితే అది వేరే అడ్రసు. కాబట్టి తెలుగు అడ్రసులు పెట్టేవాళ్లు రెండు మూడు మాటల్లో మీరే రాసుకోండి, కోసే పని సాఫ్ట్‌వేర్‌కి వదలకండి. తెలుగులో పెట్టొద్దని మాత్రం నేను అనను. మన భాషలో ఉన్న పేజీకి మన భాషలో అడ్రసు ఉండటం న్యాయం.

రూల్స్‌లో తెలుగు ఎలా రాయాలి? అపాచీ నమూనాని పోల్చే ముందే శాతం గుర్తులన్నీ విప్పేస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌లో లొకేషన్ కూడా అంతే. కాబట్టి నమూనాలో తెలుగే రాయండి, ఫైలుని యూటీఎఫ్ 8లో సేవ్ చేయండి. శాతం తోరణాన్ని నమూనాలో అతికిస్తే ఎప్పటికీ సరిపోలదు. అలాగే క నుంచి హ వరకు అని చదరపు బ్రాకెట్లలో రాయకండి. మాడ్ రీరైట్‌కి కనబడేవి బైట్లు, అక్షరాలు కావు. స్లాష్ కానిది ఏదైనా అని రాసుకోండి, అదే క్షేమం. కొత్త అడ్రసు వైపు కూడా మ్యాప్ ఫైల్లో తెలుగులోనే రాస్తే రీడైరెక్ట్ పంపేటప్పుడు అపాచీ తనే శాతాల్లోకి మారుస్తుంది. మీరు ముందే మార్చి పెడితే అది ప్రతి శాతం గుర్తునీ మళ్లీ శాతం 25గా మార్చి పంపుతుంది. అడ్రసులో ఎక్కడ చూసినా శాతం 25 కనబడుతుంటే రెండుసార్లు మారిందని గుర్తు. అప్పుడు ఎన్ఈ ఫ్లాగ్ పెట్టాలి, నో ఎస్కేప్ అని.

ఇంకో దొంగ ఉన్నాడు. కంటికి కనబడని అక్షరం. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా దిగకుండా, పొల్లుతో విడిగా నిలబడటానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం. దాని వెడల్పు సున్నా. కానీ అడ్రసులో అదీ మూడు బైట్లే. ఒకరు అది పెట్టి రాశారు, ఇంకొకరు పెట్టకుండా రాశారు. సర్వర్‌కి రెండూ వేరు వేరు అడ్రసులు. నేను ఒకసారి సగం రోజు ఒక 404 వెంట పడ్డాను. రెండు అడ్రసులు పక్కపక్కన పెట్టి చూస్తే చూపుకి ఒక్కలాగే ఉన్నాయి, ఎందుకంటే ఆ మాట చివర్లో ఉన్న పొల్లు తరవాత అది దాక్కుని ఉంది. అక్కడ ఉన్నా లేకపోయినా కనబడే తేడా ఏమీ లేదు. చివరికి బైట్లుగా విప్పి చూస్తే బయటపడింది. అలాగే ఐత్వం. దాన్ని ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. పాత మాక్ కంప్యూటర్లలో ఫైలు పేరు సేవ్ చేస్తే రెండుగా విడిపోయేది. బొమ్మ పేరులో "హైదరాబాద్" ఉంటే ఇక అంతే. వీటికి రీరైట్ రూల్ మందు కాదు. పోస్టు సేవ్ చేసేటప్పుడే ప్రోగ్రాములో ఆ కనబడని అక్షరాన్ని తీసేసి, యూనికోడ్‌ని ఒకే రూపానికి తెచ్చి అప్పుడు అడ్రసు కట్టాలి. వచ్చే రిక్వెస్ట్‌కి కూడా అదే జల్లెడ పట్టాలి.

ఇప్పుడు 301, 302. శాశ్వతంగా మారింది అంటే 301, ప్రస్తుతానికి అంటే 302. బ్రౌజర్ 301ని గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి మీ సర్వర్‌ని అడగకుండానే కొత్త చోటికి వెళ్లిపోతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక సైట్లో రాత్రి గంటసేపు డేటాబేస్ పని ఉంది. హోమ్ పేజీకి వచ్చినవాళ్లను "పని జరుగుతోంది" అనే పేజీకి 301తో పంపాను. పని అయిపోయింది, రూల్ తీసేశాను, నిద్రపోయాను. పొద్దున్నే పాఠకుల నుంచి మెయిళ్లు: ఇంకా పని జరుగుతోందా? నా కంప్యూటర్లో బాగానే ఉంది. వాళ్ల బ్రౌజర్లు నన్ను అడగడమే మానేశాయి. నేను తీసేసిన రూల్ వాళ్ల ఇళ్లలో బతికే ఉంది. ఆ టెన్షన్ మీకెవరికీ వద్దు.

ఎలా బయటపడ్డానంటే, ఇందాకటి కౌంటర్ తేడా గుర్తుకొచ్చింది. వాళ్లు "పని జరుగుతోంది" అడ్రసుకే వస్తున్నారు, రానివ్వండి. ఆ అడ్రసు అడిగినవాళ్లకు లోపలి రీరైట్‌తో అసలు హోమ్ పేజీ తెచ్చి ఇచ్చాను. అక్కడ మళ్లీ రీడైరెక్ట్ పెట్టి ఉంటే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉండేవాళ్లు. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. ప్రతి రీడైరెక్ట్‌ని ముందు 302గా పెడతాను. కొన్ని రోజులు చూస్తాను. సరే అనుకున్నాక 301 చేస్తాను. గంటసేపు మూసేయాలంటే అసలు రీడైరెక్ట్ వద్దు, 503, అంటే "ప్రస్తుతానికి అందుబాటులో లేదు", ఇవ్వండి. ఫారాలు పంపే అడ్రసుల్ని మార్చాలంటే 308 వాడండి, అదీ శాశ్వత రీడైరెక్టే. 301 దగ్గర చాలా బ్రౌజర్లు పోస్ట్‌ని, అంటే ఫారం పంపే రిక్వెస్ట్‌ని, గెట్‌గా, అంటే ఉత్తగా పేజీ అడిగే రిక్వెస్ట్‌గా మార్చేస్తాయి, నింపిన ఫారం గాలికి పోతుంది. 308లో అలా మార్చకూడదు.

హెచ్‌టీటీపీఎస్‌కి పంపే రూల్ గురించి ఒక్క మాట. సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సరో సీడీఎన్నో, అంటే రిక్వెస్టుల్ని ముందుగా అందుకునే మధ్యవర్తి సర్వర్ ఏదైనా ఉంటే, తాళం అక్కడే తెరుచుకుని మీ సర్వర్‌కి మామూలు హెచ్‌టీటీపీగా వస్తుంది. మీ రూల్ చూసి "ఇది సురక్షితం కాదు, హెచ్‌టీటీపీఎస్‌కి వెళ్లు" అంటుంది. బ్రౌజర్ వెళుతుంది. మళ్లీ మీకు హెచ్‌టీటీపీగానే వస్తుంది. మళ్లీ పంపుతారు. చివరికి బ్రౌజర్ రీడైరెక్టులు ఎక్కువయ్యాయని చేతులెత్తేస్తుంది. అక్కడ చూడాల్సింది ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే హెడర్, అంటే రిక్వెస్ట్‌తో పాటు వచ్చే సమాచారపు లైను. బ్రౌజర్ అసలు హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చిందా లేదా అని అది చెబుతుంది. అలాగే డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ తీయడం, హెచ్‌టీటీపీఎస్ చేయడం, చివరి స్లాష్ చేర్చడం మూడు రూల్స్‌గా రాసి మనిషిని మూడు కౌంటర్లు తిప్పకండి. ఒక్క అడుగులో చివరి చోటికి పంపండి. పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద ఫోన్‌లో చదివేవాళ్లకు ప్రతి అడుగూ తెలుస్తుంది.

ఇంజిన్‌ఎక్స్ వాడేవాళ్లు ఎంతమంది? సగం పైనే ఉన్నారు. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఈ సర్వర్ 2004లో బయటికి వచ్చింది. దీనిలో హెచ్‌టీయాక్సెస్ లేదు, అన్నీ కాన్ఫిగ్‌లోనే. వర్డ్‌ప్రెస్ ముక్క అంతా ఇక్కడ ట్రై ఫైల్స్ అనే ఒక్క లైను: ఫైలు చూడు, లేకపోతే ఫోల్డర్ చూడు, లేకపోతే ఇండెక్స్ పీహెచ్‌పీకి ఇవ్వు. అపాచీ రూల్స్‌ని ఇక్కడికి వరసగా అనువదించకండి. ఉత్త రీడైరెక్ట్ కావాలంటే రీరైట్ కాదు, రిటర్న్ 301 రాయండి, చదివేవాళ్లకు కూడా హాయి. అందులో రిక్వెస్ట్ యూఆర్ఐ అనే వేరియబుల్ వాడండి. అది వచ్చిన అడ్రసుని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపుతుంది, మన తెలుగు అడ్రసులు చెడవు. విప్పిన యూఆర్ఐ వాడితే, దానిలో ఎవరైనా కొత్త లైను అక్షరాలు దాచి పంపి హెడర్లతో ఆడుకునే ప్రమాదం కూడా ఉంది.

(ప్రశ్న: రూల్ పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి? రిఫ్రెష్ కొడుతూ ఉంటాను.)

రిఫ్రెష్‌ని నమ్మకండి బాబూ. బ్రౌజర్‌కి జ్ఞాపకశక్తి ఉందని ఇప్పుడే కదా చెప్పాను. బ్రౌజర్ లేకుండా సర్వర్‌ని అడిగే కర్ల్ కమాండ్‌తో హెడర్లు మాత్రమే అడగండి. స్టేటస్ 301నా 302నా, లొకేషన్ అనే లైన్లో ఏ అడ్రసు ఉంది, ఈ రెండూ చూడండి. అపాచీలో అయితే లాగ్ లెవెల్‌లో రీరైట్ ట్రేస్ 3 అని పెట్టండి. ఏ నమూనా ఏ ముక్కతో పోల్చింది, సరిపోయిందా లేదా, తరవాత ఏమైంది, అన్నీ ఎర్రర్ లాగ్‌లో రాస్తుంది. ఇందాకటి స్లాష్ గొడవ ఆ లాగ్‌లో రెండు నిమిషాల్లో కనబడుతుంది. చూసుకున్నాక తీసేయడం మరవకండి, లేకపోతే డిస్కు నిండిపోతుంది. కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ రీలోడ్‌కి ముందు కాన్ఫిగ్ టెస్ట్ చేయండి. ఇంజిన్‌ఎక్స్‌లో అయితే అడ్డగీత టీ.

(ప్రశ్న: పాత లింకుల మ్యాప్ ఎన్నాళ్లు ఉంచాలి?)

తీసేయడానికి కారణం ఏముంది? ఆరు వందల లైన్ల టెక్స్ట్ ఫైలు సర్వర్‌కి బరువు కాదు. నిజంగా తీసేసిన పేజీలు ఉంటే, రచయిత వద్దన్నవో ఇంకోటో, వాటికి జీ ఫ్లాగ్‌తో 410 ఇవ్వండి. ఇక లేదు అని నిజం చెప్పడం. దయచేసి అలాంటివాటిని హోమ్ పేజీకి మాత్రం పంపకండి. మనిషి ఒక కథ కోసం వచ్చాడు, వాకిట్లో నిలబెట్టి వెళ్లిపోవడం మర్యాద కాదు. నెలకోసారి యాక్సెస్ లాగ్‌లో 404లు తీసి, ఎక్కువసార్లు అడిగినవి పైకి వచ్చేలా వరసపెట్టి చూడండి. మీరు మ్యాప్‌లో మరిచిపోయిన అడ్రసులు అక్కడ వాటంతట అవే చేయెత్తుతాయి.

సరే, ఎవరి లాప్‌టాప్‌లో అపాచీ ఉందో వాళ్లు ఇటు ముందుకు రండి. ఇందాక 417 గురించి అడిగినమ్మా, మీ ఫైలే ముందు తెరవండి. ట్రేస్ ఆన్ చేసి ఆ షరతు దగ్గర ఏం రాస్తోందో అందరం కలిసి చదువుదాం.